చిన్నపిల్లలకు చేతులతో చేయించి సైన్స్ నేర్పడం ఎలా: ఇంటి సామానుతో, వరుస తప్పకుండా

విజయవాడ, గుంటూరు వైపు తల్లిదండ్రులు, ప్రైమరీ టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వీడియోలో చూసిన ప్రయోగం పిల్లలతో చేయించాం. గంతులేశారు, చప్పట్లు కొట్టారు. మర్నాడు అడిగితే ఏమీ చెప్పలేకపోయారు. ఎక్కడ తేడా వచ్చింది?"

తేడా దాదాపు ఎప్పుడూ వరుసలోనే వస్తుంది. పెద్దవాళ్లు జవాబు ముందే చెప్పేస్తారు. లేదంటే పిల్లల చేతిలో ఉండాల్సిన చెంచా తమ చేతిలో పెట్టుకుంటారు. ఈ రెండూ సరిచేస్తే అదే సామానుతో, అదే అరగంటలో పిల్లలు నేర్చుకునేది చాలా ఉంటుంది.

ఇక్కడ రాసినవన్నీ నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం, అంటే ఎల్‌కేజీ నుంచి మూడో తరగతి దాకా. కొనాల్సినవి తక్కువే. చాలావరకు వంటింట్లో ఉంటాయి, మిగతావి వీధి చివరి కిరాణా కొట్లో, మందుల షాపులో దొరుకుతాయి.

## 1. ముందు ఒక్క ప్రశ్న ఎంచుకోండి

"ఈరోజు నీళ్ల గురించి నేర్చుకుందాం" అంటే ఎటూ తేలదు. "ఏవి తేలతాయి, ఏవి మునుగుతాయి?" అనాలి. పిల్లలు తమ కళ్లతో చూసి తేల్చుకోగలిగేదే మంచి ప్రశ్న.

ప్రశ్న సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పిల్లల ఊహ తప్పయ్యే అవకాశం ఉందా? లేకపోతే ఆ ప్రయోగం వదిలేయండి.

వంటసోడా, వెనిగర్ కలిపి నురగ పొంగించే అగ్నిపర్వతం అందరికీ ఇష్టమే. కానీ అందులో పిల్లలు ఊహించాల్సింది ఏమీ లేదు, చూడటమే. అదే రెండు సీసాల్లో సమానంగా వెనిగర్ పోసి, ఒక బెలూన్‌లో ఒక చెంచా సోడా, రెండోదాంట్లో రెండు చెంచాలు వేసి మూతులకు తొడిగితే, "ఏ బెలూన్ పెద్దదవుతుంది?" అనే ప్రశ్న పుడుతుంది. సామాను ఇంచుమించు అదే. ఇప్పుడు పిల్లలు ఆలోచించాలి.

## 2. సామాను, సమయం, జాగ్రత్తలు

ఏ ప్రయోగమైనా ముందురోజు మీరు ఒక్కసారి చేసి చూడండి. ఇది మాత్రం మానొద్దు. పాతబడిన గుడ్డు మామూలు నీళ్లలోనే తేలిపోవచ్చు, ఎప్పటిదో వంటసోడా సరిగ్గా పొంగకపోవచ్చు. ఈ సంగతి పిల్లల ముందు తెలిస్తే ఇద్దరికీ టెన్షన్.

ఎప్పుడూ దగ్గర ఉండాల్సినవి:

- వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి (నలుగురు పిల్లలకు ఒకటి చొప్పున)
- అంచున్న స్టీలు పళ్లాలు, స్టీలు గ్లాసులు, చిన్న గిన్నెలు
- పిల్లల మందుతో వచ్చే డ్రాపర్లు లేదా సూది లేని సిరంజీలు
- దూది, తెల్ల కాగితాలు, పలక, సుద్దముక్కలు
- గుప్పెడు చింతపిక్కలు (ఊహలు లెక్కపెట్టడానికి)
- తుడుచుకోవడానికి పాత బట్టలు, పిల్లల సంఖ్య కంటే రెండు ఎక్కువ

సమయం విషయంలో మన ఊళ్ల ఎండ గుర్తుంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది దాటితే డాబా మీద పనులు పెట్టుకోకండి. కాగితాలు, దూది, ఈకలు వాడేటప్పుడు ఫ్యాన్ ఆపాలి కాబట్టి అలాంటివి ఉదయాన్నే ముగించండి. ఒక్కో ప్రయోగానికి చిన్నవాళ్లకైతే ఇరవై నిమిషాలు, రెండు, మూడు తరగతుల వాళ్లకైతే అరగంట, ముప్పావు గంట చాలు.

భద్రత విషయంలో ఇవి ఖచ్చితంగా పాటించండి:

- బటన్ సెల్స్, బొమ్మల్లోంచి ఊడివచ్చే చిన్న గట్టి అయస్కాంతాలు అసలు వద్దు. సెల్ మింగితే గొంతు లోపల కాలిపోతుంది. రెండు అయస్కాంతాలు మింగితే పేగులను మధ్యలో నొక్కేస్తాయి. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
- తాంబూలం సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.
- గాజు గ్లాసులు వద్దు.
- పెసలు, మెంతులు ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు పిల్లలుంటే పక్కనే కూర్చోండి.
- పని అయ్యాక టబ్బులో నీళ్లు వెంటనే పారబోయండి. ఇంట్లో ఏడాది, రెండేళ్ల బిడ్డ ఉంటే ఇది మరీ ముఖ్యం.
- ప్లగ్గుల జోలికి, ఇంటి కరెంటుతో ప్రయోగాల జోలికి వెళ్లొద్దు.

## 3. చేయించే వరుస

ప్రయోగం ఏదైనా ఈ ఐదు మెట్లూ ఇదే వరుసలో నడవాలి.

మొదటి మెట్టు: చేతికివ్వడం. వస్తువులు పళ్లెంలో పెట్టి రెండు మూడు నిమిషాలు వదిలేయండి. తాకుతారు, వాసన చూస్తారు, టకటక కొడతారు. ఆ ముచ్చట తీరకుండా మొదలుపెడితే మధ్యలో తీర్చుకుంటారు.

రెండో మెట్టు: ఊహించడం. "ఇది నీళ్లలో వేస్తే ఏమవుతుంది?" అని అడిగి, ప్రతి ఒక్కరితో చింతపిక్క పెట్టించండి. తేలుతుందనుకుంటే ఈ గిన్నెలో, మునుగుతుందనుకుంటే ఆ గిన్నెలో. మాట్లాడటానికి బిడియపడే పిల్లలు కూడా పిక్క పెడతారు. తర్వాత "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి. ఏం చెప్పినా "కరెక్ట్" అనొద్దు, "కాదు" అని కూడా అనొద్దు. "సరే, చూద్దాం" చాలు.

మూడో మెట్టు: చేయడం. పిల్లలే చేయాలి. మీ చేతులు వెనక్కి కట్టుకోండి. నీళ్లు ఒలుకుతాయి, ఒలకనివ్వండి.

నాలుగో మెట్టు: చూసింది చెప్పడం. ముందు "ఏం జరిగింది?" అని అడగాలి, "ఎందుకు?" అనేది తర్వాత. రాయడం రాని పిల్లలు పలక మీద బొమ్మ గీస్తారు. ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా ఇక్కడ తెలుగులోనే చెప్పనివ్వండి. ఆలోచన పూర్తిగా బయటికి వచ్చాక ఇంగ్లిష్ మాట నేర్పడానికి ఒక్క నిమిషం పడుతుంది.

ఐదో మెట్టు: ఒక్కటి మార్చి మళ్లీ చేయడం. ఒక్కటి మాత్రమే మార్చాలి. చాలామంది ఈ మెట్టు వదిలేసి, సామాను కడిగేస్తారు. నా అనుభవంలో పిల్లలు నిజంగా పట్టుకునేది ఇక్కడే.

మీ వివరణ ఏదైనా ఉంటే ఇవన్నీ అయ్యాక, రెండు మూడు వాక్యాల్లో చెప్పండి.

## 4. పూర్తి పాఠం ఒకటి: తేలేవి, మునిగేవి

మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి. ఖర్చు లేదు, ఫలితం వెంటనే కనిపిస్తుంది, తప్పు ఊహలు బోలెడు వస్తాయి.

కావలసినవి: లోతైన టబ్బులో నీళ్లు, ఎండుటాకు, గులకరాయి, చిన్న సొరకాయ, చింతపిక్క, బంగాళాదుంప, ప్లాస్టిక్ మూత, స్టీలు చెంచా, ఖాళీ స్టీలు గిన్నె, మోడలింగ్ క్లే.

ఈ వస్తువులు ఇచ్చే క్రమం ముఖ్యం. ఆకు, రాయితో మొదలుపెట్టండి. ఊహలు నిజమై పిల్లలకు ధైర్యం వస్తుంది. "బరువైనవి మునుగుతాయి ఆంటీ" అని ఎవరో ఒకరు సూత్రం చెప్పేస్తారు. సరిదిద్దకండి.

ఇప్పుడు సొరకాయ, చింతపిక్క కలిపి చేతికివ్వండి. ఏది బరువో చెప్పమనండి. పిక్కలు పెట్టించి, నీళ్లలో వేయించండి. సొరకాయ తేలుతుంది, చింతపిక్క మునుగుతుంది. ఇక్కడ కాసేపు మాట్లాడకుండా ఉండండి. పిల్లలు మళ్లీ వేస్తారు, సొరకాయను చేత్తో ముంచుతారు, అది పైకి లేస్తుంది.

ఆ తర్వాత సూత్రం మారుతుంది. "పెద్దవి తేలతాయి!" అంటారు. అప్పుడు బంగాళాదుంప, చిన్న ప్లాస్టిక్ మూత ఇవ్వండి. అదీ నిలవదు. "స్టీలు మునుగుతుంది" అంటే చెంచా వేయించి, తర్వాత ఖాళీ గిన్నె మెల్లగా నీళ్ల మీద పెట్టించండి.

ఇక ఐదో మెట్టు. మోడలింగ్ క్లే ముద్ద ఒకటి ఉండ చేసి వేయిస్తే మునుగుతుంది. అదే ముద్దను తీసి, తుడిచి, పల్చటి అంచులున్న దొన్నెలా చేయించండి. తేలుతుంది. బరువు మారలేదు, మట్టి మారలేదు, ఆకారం ఒక్కటే మారింది. "ఇందులో ఎన్ని చింతపిక్కలు వేస్తే మునుగుతుంది?" అని అడిగితే పావుగంట పోటీ నడుస్తుంది, లెక్కలూ వస్తాయి.

కారణం చెప్పే ముందు ఒక పని చేయించండి. ఖాళీ స్టీలు గిన్నెను రెండు చేతులతో నీళ్లలోకి నిటారుగా నొక్కమనండి. నీళ్లు పైకి తోస్తున్నట్టు అరచేతులకు తెలుస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ తోపు పెరుగుతుంది. అప్పుడు చెప్పండి: "వస్తువు ఎన్ని నీళ్లను పక్కకు జరిపితే, నీళ్లు దాన్ని అంత గట్టిగా పైకి తోస్తాయి. దొన్నెలా ఉన్నప్పుడు మట్టి ఎక్కువ నీళ్లను జరుపుతుంది." భవానీ ద్వీపానికి లాంచీలో వెళ్లిన పిల్లలుంటే, ఇనుప లాంచీ కృష్ణలో ఎలా తేలిందో వాళ్లనే చెప్పమనండి. సాంద్రత అనే మాట ఈ వయసులో అవసరం లేదు.

ఇక్కడ ఎదురయ్యే చిక్కులు:

- క్లే బదులు అల్యూమినియం ఫాయిల్ వాడారా? ఉండలో గాలి చిక్కుకుని తేలిపోతుంది. సుత్తితో కొట్టి గట్టి ముద్ద చేస్తేనే మునుగుతుంది.
- చపాతీ పిండి వాడారా? నీళ్లలో కరిగి పాకమవుతుంది. వద్దు.
- ఉల్లిపాయ, టమాటా పెట్టారా? కొన్ని తేలతాయి, కొన్ని మునుగుతాయి. మొదటి రోజు పెట్టొద్దు. రెండో రోజుకైతే మంచి ప్రశ్న.

ఏడు, ఎనిమిదేళ్ల వాళ్లకు గుడ్డు చేర్చండి. మామూలు నీళ్లలో మునిగిన తాజా గుడ్డు, గ్లాసు నీళ్లకు మూడు నాలుగు పెద్ద చెంచాల ఉప్పు కలిపితే లేస్తుంది. ఒక్కో చెంచా కలిపి, ప్రతిసారీ చూడాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి.

## 5. గ్లాసు బయట నీళ్లు ఎక్కడివి?

మన ఊళ్లలో ఇది చాలా బాగా పనిచేస్తుంది. గాలిలో తేమకు కొదవలేదు కదా.

రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో ఐసు ముక్కలు వేసిన నీళ్లు, మరోదానిలో మామూలు నీళ్లు. బయట పొడిగా తుడిపించండి. అయిదు నిమిషాల్లో ఐసు గ్లాసుకు చెమట పడుతుంది. ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే ఎక్కువమంది "లోపల్నుంచి కారాయి" అంటారు. ఇది మంచి ఊహ. తప్పని చెప్పకుండా, దీన్ని ఎలా పరీక్షించాలో అడగండి.

రంగు కలిపితే తెలుస్తుందని కొందరు తామే కనిపెడతారు. లేకపోతే మీరు సూచించండి. ఐసు నీళ్లలో తినే రంగు గట్టిగా కలిపి, బయట తడిని తెల్లటి టిష్యూతో అద్దించండి. టిష్యూకు రంగు అంటదు. కారినవైతే రంగు రావాలి కదా? నీళ్లు గాలిలోంచి వచ్చాయి, చల్లటి గ్లాసు తగిలి చుక్కలయ్యాయి.

ఇక్కడితో ఆపకండి. మట్టికుండ బయట తడి నిజంగా లోపల్నుంచే వస్తుంది! కొత్త మట్టి ముంతలో, స్టీలు గ్లాసులో ఒకేలా మామూలు నీళ్లు పోసి ఒక పూట ఉంచండి. ముంత బయట తడుస్తుంది, గ్లాసు తడవదు. రెండు తడులూ చూడటానికి ఒకటే, కారణాలు వేరు. ఈ తేడా పట్టుకున్న పిల్లలు చలివేంద్రం కుండ దగ్గర మీకే పాఠం చెబుతారు.

చిక్కు ఒకటే: ఏసీ గదిలో చేస్తే గాలి పొడిగా ఉండి చెమట ఆలస్యంగా, తక్కువగా పడుతుంది. వరండాలో చేయండి.

## 6. గింజలు మొలకెత్తడానికి ఏం కావాలి?

నాలుగు రోజుల పని. పెసలు తీసుకోండి. వాటికి మన వేడిలో ఒకటి రెండు రోజుల్లో మొలక వస్తుంది.

నాలుగు చోట్ల పది గింజల చొప్పున వేయించండి:

1. తడి దూది మీద, కిటికీ దగ్గర
2. పొడి దూది మీద, కిటికీ దగ్గర
3. గ్లాసు నిండా నీళ్లలో, అడుగున
4. తడి దూది మీద, మూసిన అల్మారాలో

రోజూ ఒకే వేళకు మొలకలు లెక్కపెట్టి పలక మీద గీతలు గీయిస్తే చాలు. వేసవిలో దూది మధ్యాహ్నానికే ఎండిపోతుంది కాబట్టి, చెంచాతో తడిపే పని పిల్లలకు వంతుల వారీగా అప్పగించండి.

నాలుగో గిన్నె అందరినీ ఆశ్చర్యపరుస్తుంది. "వెలుతురు లేకపోతే మొలవవు" అని ఊహించినవాళ్లకు అల్మారాలో మొలకలు కనిపిస్తాయి. గింజ మొలవడానికి నీళ్లు, గాలి, వెచ్చదనం చాలు, ఆహారం గింజలోనే ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఇంకా అక్కడే ఉంచితే మొలకలు పాలిపోయి, సన్నగా పొడుగ్గా సాగుతాయి. అప్పుడు కిటికీ దగ్గరికి మార్పించండి. పచ్చబడతాయి. వెలుతురు ఎప్పుడు అవసరమో పిల్లలే చెప్పేస్తారు.

మూడో గ్లాసులో గింజలకు గాలి సరిగా అందక మొలకలు దెబ్బతింటాయి. మూడో రోజుకు వాసన వస్తే పారేయండి. బూజు పడితే దూది మరీ తడిసిందని అర్థం. కొత్త దూది వేసి, పిండితే కారనంత తడి ఉంచండి. పక్కన పెసరపప్పు కూడా పదిపలుకులు పెట్టండి. అదెందుకు మొలవలేదో పిల్లల్ని వెతకనివ్వండి.

## 7. పసుపు కాగితం

పసుపులో కొంచెం నీళ్లు కలిపి తెల్ల కాగితానికి పూయించి, నీడన ఆరబెట్టి, పట్టీలుగా కత్తిరించండి. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, బట్టల సబ్బు నీళ్లు, మామూలు నీళ్లు వేర్వేరు గిన్నెల్లో పెట్టి, డ్రాపర్‌తో ఒక్కో చుక్క వేయించండి. సబ్బు నీళ్లు పడినచోటే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపవుతుంది.

పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం చూసిన పిల్లలుంటే, అది కూడా ఇదేనని వాళ్లకే తడుతుంది. పప్పు మరక పడ్డ యూనిఫాం సబ్బు పెట్టగానే ఎర్రబడేది కూడా అందుకే.

ఒక పొరపాటు టీచర్లు కూడా చేస్తారు: "పసుపుగానే ఉంది కాబట్టి పులుపు" అని చెప్పడం. మామూలు నీళ్లు వేసినా పసుపుగానే ఉంటుంది. పసుపు చెప్పగలిగేది సబ్బు, సున్నం లాంటి వాటి గురించే. పులుపును విడిగా చూపాలంటే నీలి శంఖుపూలు వేడినీళ్లలో వేసి, ఆ నీలం నీళ్లు చల్లారాక వాడండి. నిమ్మరసం పడగానే ఊదా రంగుకు, ఇంకా పడితే గులాబీ రంగుకు మారతాయి.

## 8. నీడ

ఉదయం ఎనిమిదికి వాకిట్లో ఒక పిల్లాడిని నిలబెట్టి, పాదాల చుట్టూ, నీడ చుట్టూ సుద్దతో గీయించండి. తొమ్మిదిన్నరకు అదే పాదాల గుర్తులో నిలబెట్టే ముందు "నీడ ఎక్కడ పడుతుంది?" అని అడిగి చింతపిక్క పెట్టించండి. సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ. మధ్యాహ్నం కొలత కావాలంటే పిల్లల బదులు నిలబెట్టిన సీసా వాడండి. సూర్యుడి వైపు చూడొద్దని ప్రతిసారీ చెప్పాలి.

మన ప్రాంతంలో మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు 7 అటూ ఇటూగా, మధ్యాహ్నం 12 దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన సీసా నీడ దాని కిందకే వెళ్లిపోతుంది. అయిదు నిమిషాల పని, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

అనుకున్న ఫలితం రాలేదు. చాటుగా సరిచేసి చూపించొద్దు. "అనుకున్నట్టు రాలేదు. ఏం తేడా జరిగుంటుంది?" అని పిల్లల్నే అడిగి, వాళ్లు చెప్పిన వాటిలో ఒక్కటి మార్చి చేయించండి.

ఒకే పిల్లాడు అన్నీ చెప్పేస్తున్నాడు. పిక్కలు అందరూ పెట్టేదాకా నోరు విప్పొద్దని నియమం పెట్టండి. తర్వాత చిన్నవాళ్లతో మొదలుపెట్టించండి.

తప్పు ఊహకు మిగతావాళ్లు నవ్వుతున్నారు. మీరూ ఒక పిక్క పెట్టండి, జవాబు మీకూ తెలియని ప్రశ్నల్లో. ఆ సొరకాయ బదులు దోసకాయ వేస్తే? టమాటా కోసి వేస్తే?

"మ్యాజిక్" అని పిలుస్తున్నారు. మానేయండి. మ్యాజిక్ అంటే కారణం దాచి చూపేది. ఇక్కడ కారణం వెతకమంటున్నాం.

ఒకే పూట మూడు ప్రయోగాలు. ఒకటే చేయించండి. మిగిలిన సమయం ఐదో మెట్టుకు ఇవ్వండి.

క్లాసులో నలభై మంది. అయిదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేయండి. ఒక్కో జట్టులో ఒకరు నీళ్లు తేవాలి, ఒకరు చేయాలి, ఒకరు గీయాలి, ఒకరు చెప్పాలి, ఒకరు తుడవాలి. వారం వారం పని మారాలి. నీళ్ల పనులు వరండాలో పెట్టుకుంటే గొడవ తగ్గుతుంది.

సర్దడం అంతా మీ మీదే పడుతోంది. చివరి అయిదు నిమిషాలు పాఠంలో భాగమని మొదటి రోజే చెప్పండి. తుడిచే బట్ట చేతిలో ఉన్న నాలుగేళ్ల పిల్ల పెద్దవాళ్ల కంటే శ్రద్ధగా తుడుస్తుంది.

## 10. మొదటి నెల ఇలా

- మొదటి వారం: తేలేవి, మునిగేవి. రెండు రోజులు, రెండో రోజు క్లేతో.
- రెండో వారం: గింజలు. సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి నాలుగో గిన్నె సంగతి తేలుతుంది.
- మూడో వారం: పసుపు కాగితం. పాత బట్టలు వేసి పంపమని ఇళ్లకు ముందే చెప్పండి.
- నాలుగో వారం: గ్లాసు, ముంత. మబ్బు లేని రోజు దొరికితే నీడ.

గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, పిల్లలు అడిగిన ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే, అడిగినవాళ్ల పేరుతో రాస్తూ పోండి. ఐదో వారం ఏం చేయించాలో ఆ కాగితంలోంచే ఎంచుకోండి. చేసి చూడలేని ప్రశ్నలు వస్తే, అవి టీచర్‌తోనో పుస్తకంతోనో తేల్చుకోవాల్సినవని పక్కన గుర్తు పెట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.